కాయలాన్ కడకు పోని విమానాలు



పోయిన జనవరిలో సేత్తూరు నుంచి మేము పద్నాలుగు మంది గోవా పోయి వచ్చాము. ఫోటోలు పెట్టిన గంటలోపల రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒకటి, "గోవా పోయి సముద్రం ఫోటో ఒక్కటీ లేదు, అన్నీ పాత విమానాలే, ఇదేం టూరు?" అని. రెండోది కొంచెం కారంగా ఉంది. "తెల్లవాడు చేసి అమ్మిన పాత ఇనుము చూడ్డానికి ఇంత దూరం రైలెక్కాలా? ఆ ఖర్చుతో తిరుపతి పోయి రావచ్చు గదా?" అడిగినవాళ్లు మనవాళ్లే, కోపమేమీ లేదు. కానీ రెండు వరుసల్లో చెప్పే జవాబు కాదు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు ఒక సంగతి. రాసే చేయి ఒకటే. అది రైల్వే స్టోర్సులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా అరిగిన చేయి. బళ్లో చదివింది తమిళం, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దిద్దించినవి. మాట మాత్రం పద్నాలుగు మందిదీ. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రైల్లో కూర్చుని అనుకున్నదే ఇది. అందుకే మేము అని రాస్తున్నాము.

స్టోర్సు గుమాస్తాకు పాత ఇనుమంటే ఏమిటో బాగా తెలుసు. ఒక వస్తువు ఇక పనికి రాదని కమిటీ సంతకం పెట్టిన నాటి నుంచి దానికి పేరుండదు. లాటు నంబరు, రకం, బరువు, అంతే. పోత ఇనుము ఒక కుప్ప, ఇత్తడి ఒక కుప్ప, రాగి ఒక కుప్ప. మన విరుదునగర్ - తెన్‌కాశి లైను 1927లో వేసిన మీటర్ గేజి. 2004 నాటికి బ్రాడ్ గేజి అయిపోయింది. మంచిదే, ఎవరూ వద్దనలేదు. కానీ ఆ చిన్న పట్టాలు, సిగ్నల్ చేతులు, టోకెన్ పెట్టెలు ఎక్కడికి పోయాయని మనలో ఎవరైనా అడిగామా? మేము చూసిన ఒక డిపోలో ఆవిరి ఇంజన్ల ఇత్తడి నంబరు పలకలను గోనె సంచిలో వేసి తూచి పంపిన రోజు ఇంకా గుర్తుంది. ఆ నంబరు చూసే కదా డ్రైవరు "ఇది మా బండి" అని చెప్పుకునేవాడు.

దీనికి మన వైపు మంచి మాట ఒకటుంది, కాయలాన్ కడ. పాత ఓడల సామాను కొని అమ్మిన కాయల్‌పట్నం వర్తకుల పేరు మీద వచ్చిందంటారు. ఇంట్లో ఏది విరిగినా "కాయలాన్ కడకు వెయ్యి" అంటాము. గోవాలో మేము చూసినవి ఆ కడకు పోకుండా తప్పించుకున్న విమానాలు.

ఇక టూరు ఎట్లా పుట్టిందో చెప్పాలి. మాలో ఒకాయనకు డెబ్బై ఏడేళ్లు. పేరు రాయొద్దన్నారు, సరే. ఊళ్లో అందరికీ ఆయన నేవీ మామ, పిల్లలకు నేవీ తాత. 1966లో ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి నౌకాదళంలో చేరారు. కొచ్చిలో శిక్షణ, ఆ తరువాత గోవా దాబోలిం, నడుమ నడుమ విక్రాంత్ ఓడ మీద. పని విమానాల మెకానిక్కు. పదిహేనేళ్లు చేసి ఊరికి వచ్చి మిల్లులో ఫిట్టరుగా చేరారు. ఎడమ చెవి అప్పుడే పోయింది. ఇంతకాలం ఆయన నోట ఆ ఓడ మాట ఎవరూ పెద్దగా వినలేదు. అడిగినవాళ్లు లేరన్నదే సరైన మాట. మిల్లులో ఫిట్టరు మాదిరే అక్కడా ఏదో ఫిట్టరు పని అనుకున్నాము.

పోయిన దీపావళికి ఇంటికి సున్నం వేస్తున్నప్పుడు ఆయన మనవడు అటక మీది రేకు పెట్టె దించి, పాత పేపర్లవాడికి వెయ్యబోయాడు. అందులో సర్వీసు కాగితాలు, ఒక నోటుబుక్కు ఉన్నాయి. సగం చెదలు తినేశాయి. మిగిలిన పేజీల్లో విమానాల నంబర్లు, ఎవరికి ఎంత బాకీ, ఏ రోజు ఇంటికి ఉత్తరం రాశారు, ఇవన్నీ ఉన్నాయి. రాసింది తమిళ అక్షరాల్లో, మాటలు మాత్రం తెలుగు. మన ఇళ్లలో ఇట్లాంటి రాత మీరూ చూసే ఉంటారు. మనవడు అడిగాడట, "తాతా, ఈ నంబరు విమానాలు ఇప్పుడు ఎక్కడున్నాయి?" అని. "కాయలాన్ కడకు పోయుంటాయి రా" అన్నారు. వాడు ఫోనులో వెతికి, ఆ రకం విమానం ఒకటి గోవా మ్యూజియంలో ఉన్నట్టు చూపించాడు. ఆయన ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూశారట. ఆ వారం సంఘం మీటింగు అయ్యాక ఈ మాట మాకు చెప్పింది ఆ మనవడే. అప్పటికప్పుడే పోదామనుకున్నాము.

రాజపాళయంలో కొల్లం మెయిలు ఎక్కాము. సెంగోట్టై దాటాక కళుతురుత్తి దగ్గర పదమూడు కమానుల వంతెన మీదుగా పోయేటప్పుడు రైల్వేవాళ్లం కొందరం లేచి నిలబడ్డాము. అలవాటు, ఏం చేస్తాము. కొల్లంలో నేత్రావతి పట్టుకుని కొంకణ్ లైను మీద మడ్గావ్. పులిహోర, పెరుగన్నం మోసుకుపోయాము. దీని గురించి ఇంతకన్నా రాయవలసింది లేదు.

మ్యూజియం బోగ్‌మాలో సముద్రం పోయే దారిలో, దాబోలిం విమానాశ్రయాన్ని ఆనుకుని ఉంది. 1998లో తెరిచారు. నౌకాదళంవారి విమానాలకని ఉన్న చోటు. బయట కొన్ని ఆరుబయలే నిలబడి ఉన్నాయి, లోపల ఇంజన్లు, బొమ్మలు, ఓడల నమూనాలు. మీరు పోతే సోమవారం పోకండి, సెలవు. ఏ రోజైనా ఒకసారి కనుక్కుని పోండి. ఉదయమే పోతే పెద్దవాళ్లకు ఎండ తగలదు.

ఆ రన్‌వేకు ఒక కథ ఉంది. పోర్చుగీసువాళ్లు 1950ల్లో కట్టుకున్నది. 18 డిసెంబర్ 1961న గోవాను విడిపించే రోజు మన వాయుసేన 12 కాన్‌బెర్రా విమానాలను పంపి దాని మీద బాంబులు వేసింది. కాన్‌బెర్రా కూడా ఇంగ్లీషువాళ్ల విమానమే. తరువాత నౌకాదళం ఆ రన్‌వేను బాగుచేసుకుని వాడుకుంది. మనకు దగ్గరి సంగతి ఇంకోటి చెప్తాము. దాబోలింలో ఉన్న నౌకాదళ స్థావరం ఐ.ఎన్.ఎస్. హంస మొదట ఏర్పడింది గోవాలో కాదు, మన కోయంబత్తూరు పక్కన సూలూరులో, 1961 సెప్టెంబరులో. 1964లో గోవాకు మారింది. విక్రాంత్ విమానాలకు మన దేశంలో మొదటి గూడు కొంగునాడు.

లోపలికి పోగానే అందరి కళ్లూ నాలుగు ఇంజన్ల సూపర్ కాన్‌స్టలేషన్ మీద పడ్డాయి. అందమైనదే, మూడు తోకలు ఉంటాయి. అది అమెరికాది, మా కథకు పక్కన పెడతాము. మాకు కావలసినవి ఇంగ్లీషువి.

సీలాండ్ అని ఒకటి ఉంది. బెల్‌ఫాస్ట్‌లో షార్ట్ కంపెనీ చేసింది. నీళ్ల మీదా దిగుతుంది, నేల మీదా దిగుతుంది. మొత్తం చేసిందే పాతిక దాకా, అందులో పది మన నౌకాదళం కొన్నది. 1953లో కొచ్చిలో మన నౌకాదళానికి విమానం అంటూ మొదలైంది దీనితోనే. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో మిగిలినవి ఒక చేతి వేళ్ల మీద లెక్క పెట్టవచ్చు. పక్కన ఫైర్‌ఫ్లై. యుద్ధంలో పెద్ద పేరు తెచ్చుకున్న రకం, కానీ మన దగ్గర దాని పని వేరే. తోకకు తాడు కట్టి, తాడు చివర గుడ్డ గురి కట్టి లాక్కుని పోతుంది, కింద ఓడల మీది తుపాకులవాళ్లు ఆ గురిని కొట్టి నేర్చుకుంటారు. కొట్టేవాడు కొత్తవాడైతే పైలట్ గతి ఏమిటని మా అక్క ఒకావిడ అడిగింది. నేవీ మామ నవ్వి, "తాడు పొడుగ్గా ఉంటుందమ్మా" అన్నారు.

వాంపైర్ దగ్గర మాలో వడ్రంగం చేసే తమ్ముడు కదలలేదు. రెండు సన్నటి తోక బొంగులు, నడుమ గుడ్డు మాదిరి పొట్ట. జెట్ విమానమే, కానీ ఆ పొట్ట చెక్కది. పలచని ప్లైవుడ్ పొరల నడుమ బాల్సా అనే తేలిక చెక్క పెట్టి, జిగురుతో అతికి, అచ్చులో వంచి చేస్తారు. డి హావిలాండ్ కంపెనీ యుద్ధకాలంలో చెక్క విమానాలు చేసి ఆ చేయి వదలలేదు. "గోవా వానకు చెక్క ఏమవుతుంది?" అని మా తమ్ముడు దాని చుట్టూ మూడు సార్లు తిరిగాడు. తలుపులు, కిటికీలు చేసే వాడికి ఒక యుద్ధ విమానం అంత దగ్గరగా అనిపించటం మేము ఊహించనిది.

నేవీ మామ ఇంతసేపూ సీ హాక్ వైపు పోలేదు. వచ్చినప్పుడే కంటి చివరతో చూశారు, మాకు తెలిసింది. మిగిలినవన్నీ చూసి, బోర్డులు చదివి, చివరికి అటు నడిచారు. పోయాక ముక్కు చూడలేదు, రెక్క చూడలేదు. మెల్లగా వంగి, మోకాలు నొప్పి అన్న మనిషి దాదాపు కూర్చుని, చక్రం ముడుచుకునే గూడులోకి తల వంచి చూశారు. చాలాసేపు. తరువాత లేచి అన్న మొదటి మాట: "ఇక్కడ చేయి పట్టదు. సన్న చేయి వాడు కావాలి. అందుకే నన్ను పంపేవాళ్లు."

ఆ తరువాత ఆయన చెప్పినదంతా మేము నిలబడి విన్నాము. కొంత మీకు రాస్తాము.

మనవడు అడిగాడు, వెనక తోక కింద పొగగొట్టం లేదే, ఇది జెట్టేనా అని. సీ హాక్‌కు అదే ప్రత్యేకం. రోల్స్ రాయిస్ నీన్ ఇంజను నడి పొట్టలో ఉంటుంది. దాని వేడి గాలి రెండుగా చీలి, రెక్కల మొదట్లో అటూ ఇటూ బయటికి పోతుంది. అందువల్ల వెనక భాగం ఖాళీ దొరికి అక్కడ కూడా ఇంధనం నింపుతారు. రెక్కలు నడిమికి పైకి మడిచి పెడతారు, ఓడ లిఫ్టులో పట్టాలి గదా. ముక్కు కింద 20 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగు. ఇవి బోర్డు మీద కూడా ఉంటాయి. బోర్డు మీద లేనివి ఇవి.

ఓడ మీద రోజూ ఎగరటానికి ముందు మనుషులు ఒక వరుసగా నిలబడి, డెక్కు ఈ చివర నుంచి ఆ చివర దాకా తల వంచుకుని నడుస్తారు. ఒక నట్టు, ఒక తీగ ముక్క, ఒక చొక్కా గుండీ ఉన్నా ఏరుకోవాలి. ఇంజను లోపలికి పీల్చుకుంటే అంతే సంగతులు. మా రైల్వేవాళ్లకు ఇది వింటూనే కీమాన్ గుర్తొచ్చాడు. సుత్తి భుజాన వేసుకుని రోజూ తన సెక్షను పట్టాలు నడిచి, వదులైన కీ కొట్టి పోయేవాడు. అతనూ తల ఎత్తి నడవడు.

ఇంకోటి, ఉప్పు. సముద్రం గాలిలోని ఉప్పు అల్యూమినియాన్ని లోపలి నుంచి తింటుంది, పైకి తెలియదు. అందుకని విమానాన్ని మంచినీళ్లతో కడగాలి. "మాకు స్నానానికి నీళ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. విమానానికి కొలత లేదు" అన్నారు. పని అయ్యాక స్పానర్లు లెక్క పెట్టాలి. ఒకటి తగ్గితే అది దొరికే దాకా ఆ విమానం కదలదు, అర్ధరాత్రి అయినా సరే.

1971 సంగతి కూడా అక్కడే నిలబడి చెప్పారు. విక్రాంత్‌కు నాలుగు బాయిలర్లు, అందులో ఒకటి పగిలింది. బాయిలరు పోతే ఏమిటో రైల్వేవాళ్లకు వేరే చెప్పాలా? ఓడ వేగం తగ్గింది. డెక్కు మీద నుంచి విమానం లేవాలంటే ఎదురు గాలి కావాలి, ఆ గాలి కొంత ఓడ వేగం వల్లే వస్తుంది. విమానాన్ని ముందుకు విసిరే కాటపుల్ట్‌కు కూడా ఆవిరే కావాలి. మూడు బాయిలర్లతోనే తూర్పు సముద్రానికి తెచ్చారు. ఆ ఏడు యుద్ధానికి ముందు ఓడ మద్రాసు రేవులో నిలిచినప్పుడు ఆయనకు ఇరవై మూడేళ్లు. సేత్తూరు ఒక్క రాత్రి ప్రయాణం. ఇంటికి పోనివ్వలేదు, ఎక్కడున్నామో ఉత్తరంలో రాయనివ్వలేదు. ఓడ అండమాన్ వైపు పోయి దాక్కుంది, విశాఖపట్నంలో ఉన్నట్టు శత్రువును నమ్మించారు. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3, 4 నడుమ రాత్రి విశాఖ ముందరే మునిగింది. 4వ తేదీ పొద్దున విక్రాంత్ నుంచి ఎనిమిది సీ హాక్‌లు లేచి కాక్స్ బజార్ మీద పడ్డాయి, తరువాత చిట్టగాంగ్ రేవు మీద. ఇవి పుస్తకాల్లో ఉన్నాయి. నేవీ మామ చెప్పింది వేరే: "పోయేటప్పుడు లెక్క పెట్టేవాళ్లం. వచ్చేటప్పుడు ఆకాశం చూసి మళ్లీ లెక్క పెట్టేవాళ్లం. లెక్క సరిపోయిన తరువాతే టీ." కొన్ని తూటా కన్నాలతో తిరిగొచ్చేవట. రాత్రి రేకు కోసి అతుకు వేసి, రివెట్లు కొట్టి, పొద్దుటికి మళ్లీ సిద్ధం చేసేవాళ్లు.

ఈ మాటలు ఇట్లా నడుస్తూ ఉండగా అక్కడ డ్యూటీలో ఉన్న కుర్రాడొకడు దగ్గరికి వచ్చాడు. మేము గట్టిగా మాట్లాడుతున్నాము, మామ ఎడమ చెవి వల్ల. గదమాయిస్తాడేమో అనుకున్నాము. "ఏ ఊరండీ మీది? మీ తెలుగు వేరేగా ఉందే" అన్నాడు. అతనిది శ్రీకాకుళం. తమిళనాడులో రాజపాళయం పక్కన ఇంతమంది తెలుగు మాట్లాడతారని అతనికి తెలియదు, ఆ పాఠం పది నిమిషాలు నడిచింది. ఆ తరువాత నేవీ మామ ఎవరో తెలిసి అతను నిటారుగా నిలబడ్డాడు. "బోర్డు మీద రాసినదే మాకు తెలుసు తాతగారూ, మీరు చెప్పండి" అని ప్రశ్న మీద ప్రశ్న అడిగాడు. ఆ గూడులో ఆ గొట్టం ఎక్కడికి పోతుంది, ఈ చిన్న మూత ఎందుకు అని. మామ చేతికర్రతో చూపించి చెప్తుంటే అతను ఫోనులో రాసుకున్నాడు. మామ రెక్క అంచు వైపు చేయి చాచి, తాకరాదన్న బోర్డు చూసి వెనక్కి తీసుకున్నారు. ఆ కుర్రాడు అప్పుడే ఏదో పని ఉన్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. మామ రెక్క కింద అరచేయి పెట్టి ఉంచారు. ఫోటో తీయలేదు, ఎవరికీ తీయాలనిపించలేదు.

ఇక ఓడ మాట. బయటికి వచ్చి చెట్టు నీడలో పులిహోర తింటున్నప్పుడు మనవడు అడిగాడు, విక్రాంత్ ఎక్కడుంది, అది కూడా చూడవచ్చా అని. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. 1997 జనవరి 31న దాన్ని పని నుంచి తప్పించారు. ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా జనానికి చూపించారు. నిలిపే ఖర్చు ఎవరు పెడతారన్న దగ్గర ఆగిపోయింది. వేలం వేశారు, కోర్టు దాకా పోయింది, 2014లో ముక్కలు చేశారు. ఆ ఇనుము కొంత ఒక మోటార్ సైకిల్ కంపెనీ కొని, 2016లో దానితో బండ్లు చేసి అమ్మింది. దాని తరువాతి ఓడ విరాట్. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో హెర్మిస్ అన్న పేరుతో పోరాడి, మన దగ్గరికి 1987లో వచ్చింది. 2017లో ఆపేశారు, అదీ అలంగ్ ఒడ్డుకు ముక్కలకే పోయింది. ఓడలు రెండూ పోయాయి. వాటి మీద నుంచి లేచిన సీ హాక్, సీ హారియర్ ఇక్కడ మిగిలాయి. సీ హారియర్ 1983 డిసెంబరులో ఇదే దాబోలింలో మొదట దిగింది, 2016లో సెలవు తీసుకుంది. నిలువుగా దిగే విమానం, పిల్లలకు అదే నచ్చింది.

స్టోర్సు లెక్క తెలిసినవాళ్లం కాబట్టి ఓడను ఉంచలేకపోయినవాళ్లను తేలిగ్గా తిట్టలేము. అంత పెద్ద ఓడకు ఏటా రంగు, అడుగు భాగం మరమ్మతు, నీళ్లు తోడటం, కరెంటు. కోట్ల మాట. విమానం చిన్నది, నాలుగు గోడల నడుమ పెడితే నిలుస్తుంది. కానీ నిలిచిన దాని గురించి చెప్పగల మనిషి పోతే, బోర్డు మీద పొడుగు, వేగం, బరువు మిగులుతాయి. అది మా లాటు రిజిస్టరులో రాసిన దానికన్నా ఎంత మెరుగు? రెండు కాలాలు ఎక్కువ, అంతే.

"తెల్లవాడి ఇనుము" అన్న తమ్ముడికి ఇప్పుడు చెప్తాము. నిజమే, సీ హాక్ హాకర్ కంపెనీ గీసింది, కావెంట్రీలో ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ కంపెనీ చేసింది. విక్రాంత్ కూడా వాళ్లు యుద్ధకాలంలో హెర్క్యులీస్ అని మొదలుపెట్టి సగంలో వదిలేస్తే, 1957లో మనం కొని బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించుకున్నది. కొన్ని సీ హాక్‌లు పశ్చిమ జర్మనీ నేవీ వాడి వదిలినవి. వాళ్లు వదిలిన రకాన్ని మనవాళ్లు 1980ల దాకా ఎగరేశారు. ఎవరి చేత్తో? విక్రాంత్ డెక్కు మీద మొదట విమానం దింపిన భారతీయుడు తహిలియాని, 18 మే 1961న. తరువాత నౌకాదళాధిపతి అయ్యారు, ఆ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. ఆ విమానాల చక్రాల గూడులో సన్న చేయి పెట్టిన సేత్తూరు పిల్లవాడి పేరు ఎక్కడా లేదు. రోజూ కడిగి, అతికి, లెక్క పెట్టిన తరువాత కూడా అది తెల్లవాడిదేనా? మా పద్నాలుగు మందిలో పన్నెండు మంది కాదన్నారు. ఇద్దరు ఇంకా వాదిస్తున్నారు, వాళ్లూ ఇక్కడ కామెంటు రాస్తారు.

ఆ ఇంగ్లండులోనే ఇట్లాంటి వాటికోసం జనం ఏం చేస్తారో చూస్తే కొంచెం అసూయే. వల్కన్ అనే పెద్ద బాంబర్ ఒకదాన్ని జనం చందాలతో బాగుచేసి 2007 నుంచి 2015 దాకా ఎగరేశారు. బ్రంటింగ్‌థార్ప్ అనే పాత ఎయిర్‌ఫీల్డులో రిటైరైన మెకానిక్కులు, పైలట్లు కలిసి, ఎగరలేని జెట్లను ఏడాదికి ఒకటి రెండు రోజులు రన్‌వే మీద పరిగెత్తించి చూపేవాళ్లు. వాన కురిసినా గొడుగులు పట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్లు. ఒక సీ హాక్‌ను కూడా వాళ్లు చాలా ఏళ్లు ఎగిరే స్థితిలో కాపాడారు. మన వాయుసేన కూడా ఒక టైగర్ మాత్‌ను బాగుచేయించి 2012 అక్టోబర్ 8న వాయుసేన దినం నాడు ఎగరేసింది. ఇంజను మోగాలన్న పట్టుదల మాకు లేదు. దాని పక్కన నిలబడి చెప్పే మనిషి ఒకరు ఉంటే చాలనిపించింది.

అందుకని తిరిగి వచ్చాక ఒక పని మొదలుపెట్టాము. నేవీ మామ మాటలు మూడు గంటలు ఫోనులో రికార్డు చేశాము. మనవడు తమిళ అక్షరాల్లో రాస్తాడు, మేము తెలుగు లిపిలోకి మారుస్తాము. నోటుబుక్కు మిగిలిన పేజీలు ఒక్కొక్కటి ఫోటో తీసి పెట్టాము. ఒక కాపీ శ్రీకాకుళం కుర్రాడికి పంపాము, అతని పైవాళ్లకు చూపిస్తానన్నాడు. మన ఊళ్లలో సైన్యంలో, రైల్వేలో, మిల్లులో పని చేసినవాళ్లు ఇంకా ఉన్నారు. నూలు మిల్లు పాత రింగ్ ఫ్రేము శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పే పెద్దమ్మలు ఉన్నారు. వచ్చే నెల రెండో ఆదివారం సంఘం హాలులో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాము. అటక మీద రేకు పెట్టె ఉన్నవాళ్లు దించి తెండి. చూసి, ఫోటో తీసి, అక్కడే తిరిగి ఇచ్చేస్తాము. సున్నం వేసే కాలం ఇంకా చాలా దూరం ఉంది కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాము.

తిరుగు రైల్లో మనవడు తాతను అడిగాడు, మొత్తం ఎన్ని సీ హాక్‌ల మీద పని చేశావని. చెదలు తిన్న పేజీల్లో ఉన్నవి ఆయన గుర్తు తెచ్చుకుంటూ వేళ్లు ముడిచారు. కార్వార్ దాటాము, ఉడుపి దాటాము. రెండు నంబర్లు రాలేదు. "నాలుక చివర ఉన్నాయి రా" అని పడుకున్నారు. ఊరు చేరిన పదకొండో రోజు, రాత్రి పది దాటాక ఆయన నుంచి ఫోను వచ్చింది. ఈ వేళప్పుడు ఏమైందో అని కంగారుపడి తీశాము. ఒక నంబరు చెప్పారు, రాసుకొమ్మన్నారు, మళ్లీ ఒకసారి చదివించుకుని ఫోను పెట్టేశారు. రెండోది ఇంకా రాలేదు.